"నాకీ మందు పడటం లేదు" అంటే కొట్టిపారేయకండి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ఆరోగ్య సభలో, వైద్య విద్యార్థులకు చాలా ఏళ్ళు ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) చెప్పి రిటైరైన ఒక మేడమ్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం. తడబాట్లు తీసేశాం, మాటలు మాత్రం ఆవిడవే.)

నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి వినబడకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను. తొందరేం లేదు.

ముందు మిమ్మల్నే ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో మందుల డబ్బా ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అందులో ఏ స్ట్రిప్పు మీదైనా మగవాళ్ళకి ఇంత, ఆడవాళ్ళకి ఇంత అని రాసి ఉండగా చూశారా? లేదు కదా. పెద్దలకి ఇంత, పిల్లలకి ఇంత, అంతే. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే ఎనభై అయిదు కేజీల కొడుకు, నలభై రెండు కేజీలున్న డెబ్బై ఏళ్ళ వాళ్ళమ్మ, ఇద్దరికీ జ్వరమొస్తే ఇద్దరూ అదే పారాసిటమాల్ 650 మాత్ర, అవే పూటలు వేసుకుంటారు. ఆ మాత్ర ఇద్దరి ఒంట్లోనూ ఒకేలా నడుస్తుందా? నడవదండీ. ఎంతసేపు ఉంటుంది, ఎంత గట్టిగా పనిచేస్తుంది, ఎలా బయటికి పోతుంది, అన్నీ మారతాయి. ఇవాళ నేను చెప్పేదంతా దీని గురించే.

ఎందుకు చెప్పాలనిపించిందంటే, ఆడవాళ్ళు డాక్టర్ ముందు కూర్చుని "నాకీ మందు పడటం లేదండీ" అన్నప్పుడు వాళ్ళకి వచ్చే జవాబు నేను ఏళ్ళ తరబడి వింటూ వచ్చాను. "టెన్షన్ తగ్గించుకోమ్మా." "నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు." ఇంట్లో భర్త అంటాడు, అత్తగారు అంటారు, ఒక్కోసారి మందుల షాపతను కూడా అంటాడు. నాకు బాధ అక్కడే. ఎందుకంటే చాలాసార్లు ఆవిడ చెప్పేది నిజం. ఆవిడ ఒళ్ళు ఆ మందుని వేరేగా తీసుకుంటోంది.

ఒకావిడ సంగతి చెబుతాను. పేరు చెప్పను. బీపీకి రామిప్రిల్ మొదలుపెట్టారు. బీపీ చక్కగా దిగింది. మూడు నాలుగు వారాలు గడిచేసరికి పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, పడుకుంటే ఇంకా ఎక్కువ. రాత్రి ఆవిడ దగ్గుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. సముద్రపు గాలి పడటం లేదేమో అన్నారు. దుమ్ము అన్నారు. ఒక సిరప్ అయింది, ఇంకో సిరప్ అయింది, ఛాతీ ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. చివరికి ఏం తేల్చారో తెలుసా? టెన్షన్ వల్ల దగ్గుతోందని. ఆవిడ మాత్రం మొదటినుంచీ ఒకటే మాట చెబుతోంది, "ఈ మాత్ర మొదలెట్టాకే వచ్చిందండీ" అని. ఎవరూ విన్లేదు. తర్వాత ఇంకో డాక్టర్ ఆ మాట విని మాత్ర మార్చి టెల్మిసార్టాన్ అనే వేరే రకం బీపీ మాత్ర ఇచ్చారు, కొద్ది వారాల్లో దగ్గు పోయింది.

ఇందులో మాయేం లేదండీ. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి మాత్రలు ఒక ఎంజైమ్‌ని ఆపుతాయి, అందుకే బీపీ తగ్గుతుంది. అదే ఎంజైమ్ ఊపిరితిత్తుల్లో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. ఎంజైమ్ ఆగిపోతే బ్రాడికైనిన్ పేరుకుంటుంది, గొంతులో నరాలని రేపుతుంది, దగ్గొస్తుంది. ఈ దగ్గు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఇది పుస్తకాల్లో ఉన్న విషయమే. పుస్తకంలో ఉన్నా, ఎదురుగా కూర్చున్న మనిషి నోట వచ్చినప్పుడు నమ్మలేదు, చూడండి.

మొత్తం మీద చూస్తే మందుల వల్ల వచ్చే ఇబ్బందులు ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. 2020లో అమెరికాలో బర్క్‌లీ, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులిద్దరు, అక్కడ అనుమతి ఉన్న 86 మందుల మీద అప్పటిదాకా వచ్చిన వివరాలన్నీ కలిపి చూశారు. అందులో 76 మందులు ఆడవాళ్ళ రక్తంలో ఎక్కువగా ఉన్నాయి, లేకపోతే ఎక్కువసేపు ఉన్నాయి. 86లో 76 అండీ! అలా రక్తంలో ఎక్కువగా ఉన్న మందులకి దుష్ఫలితాలు కూడా ఆడవాళ్ళకే ఎక్కువగా కనబడ్డాయి. ఇది టెన్షనా?

సరే, ఎందుకిలా అవుతుంది? మాత్ర మింగాక దాని ప్రయాణం చూద్దాం. పొట్టలోంచి పేగులోకి, పేగులోంచి రక్తంలోకి, అక్కడినుంచి ఒళ్ళంతా పరుచుకోవటం, లివర్‌లో మారటం, కిడ్నీల దారిన బయటికి పోవటం. ఈ ప్రతి మజిలీలోనూ ఆడా మగా తేడా కొంత ఉంది.

పొట్ట ఖాళీ అవటం ఆడవాళ్ళలో కొంచెం నెమ్మది. అది పెద్ద విషయం కాదు, వదిలేద్దాం. పరుచుకోవటం ముఖ్యం. సగటు మగవాడి ఒంట్లో నీళ్ళు బరువులో 60 శాతం దాకా ఉంటే, ఆడవాళ్ళలో 50 శాతం దగ్గర ఉంటాయి. ఒకటే చెంచా ఉప్పు పెద్ద గిన్నె చారులో వేస్తే ఒక రుచి, చిన్న గిన్నెలో వేస్తే ఇంకో రుచి, మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళలో కరిగే మందు చిన్న ఒంట్లో చిక్కగా ఉంటుంది. కొవ్వులో కరిగే మందులు ఇంకో రకం. డయాజిపామ్ లాంటివి కొవ్వులోకి వెళ్ళి కూర్చుంటాయి, ఆడవాళ్ళలో కొవ్వు శాతం ఎక్కువ, వయసు మీద పడ్డాక ఎవరికైనా ఎక్కువే, కాబట్టి నెమ్మదిగా విడుదలవుతూ చాలా రోజులు ఉండిపోతాయి. నిద్ర మాత్ర వేసుకున్న మూడోరోజున అమ్మమ్మ బాత్రూమ్‌లో తూలి పడిందంటే, ఆ రోజు మాత్ర వేసుకోలేదు కదా అని మాత్రని తప్పించకండి.

నిద్ర మాత్ర అంటే జోల్పిడెమ్ సంగతి చెప్పాలి. దీనికి అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పడుకునే ముందు 10 మిల్లీగ్రాములు. ఇరవై ఏళ్ళు అదే డోసు నడిచింది. 2013 జనవరిలో అక్కడ మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, ఆడవాళ్ళ డోసు సగానికి, 5 మిల్లీగ్రాములకి తగ్గించమంది. ఏమైందంటే, రాత్రి వేసుకుని ఎనిమిది గంటలు నిద్రపోయి లేచాక కూడా, కారు నడపటం ప్రమాదమయ్యేంత మందు చాలామంది ఆడవాళ్ళ రక్తంలో మిగిలే ఉంటోంది. మగవాళ్ళలో అలా మిగిలేది చాలా కొద్దిమందికి. బరువు తేడా ఒక్కటే దీనికి కారణం కాదు, ఆడవాళ్ళ ఒంట్లోంచి ఆ మందు పోవటమే నెమ్మది. ఇరవై ఏళ్ళపాటు ఎంతమంది పొద్దున్నే మగతగా లేచి, తమదే ఏదో లోపమని అనుకుని ఉంటారో ఆలోచించండి.

ఇప్పుడు కిడ్నీల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి, ఇది మీకు చాలా పనికొస్తుంది. కిడ్నీల పనితీరు తెలియటానికి రక్తంలో చూసే క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు మన ఉత్తరాంధ్రలో లేదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చుట్టాలున్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. రిపోర్ట్ రాగానే అందరం చూసేది అదే అంకె కదా. 1.0 ఉంటే "నార్మల్" అని ఊపిరి పీల్చుకుంటాం.

ముప్పై ఏళ్ళ అబ్బాయి, 70 కేజీలు, క్రియాటినిన్ 1.0. డెబ్బై ఏళ్ళ అమ్మ, 45 కేజీలు, క్రియాటినిన్ 1.0. ఇద్దరి రిపోర్ట్‌లోనూ ఒకటే అంకె. ఇద్దరి కిడ్నీలూ ఒకటేనా? 1976 నుంచి డాక్టర్లు వాడుతున్న ఒక సూత్రం ఉంది, కాక్రాఫ్ట్, గాల్ట్ అని ఇద్దరు ఇచ్చింది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, దాన్ని 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఆడవాళ్ళయితే మళ్ళీ 0.85తో హెచ్చవేయాలి. అబ్బాయికి వేయండి, నిమిషానికి 107 మిల్లీలీటర్ల దగ్గర వస్తుంది. అమ్మకి వేయండి. 37. రిపోర్ట్‌లో ఇద్దరూ నార్మలే, కానీ రక్తాన్ని వడకట్టే శక్తి ఆవిడకి అతనిలో మూడోవంతు. ఎందుకంటే క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. ఆవిడకి కండ తక్కువ, పుట్టేదే తక్కువ, అందుకే కిడ్నీ నీరసించినా అంకె పెరగదు.

ఇప్పుడు ఆ అమ్మకి షుగరుంది, కాళ్ళ తిమ్మిర్లు, మంటలు. ప్రీగాబాలిన్ రాస్తారు. ఆ మందు దాదాపు మొత్తం కిడ్నీల్లోంచే పోతుంది. ఇందాకటి వడకట్టే లెక్క 30 నుంచి 60 మధ్య ఉన్నవాళ్ళకి డోసు సగం చేయాలని మందు కాగితం మీదే ఉంటుంది. సగం చేయకపోతే? పగలు కూడా మగత, అడుగు తడబడటం, పడిపోవటం, తుంటి ఎముక. ఇంట్లోవాళ్ళు వయసైపోయింది అంటారు. మందు ఎక్కువైందని ఎవరికీ తట్టదు. మెట్‌ఫార్మిన్ కూడా అంతే, 30కి దిగితే ఆపేయాలి. ఇక ఒళ్ళు నొప్పులకి షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, అది ఇలాంటి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. ఉద్దానం వైపు మనవాళ్ళకి మరీ మరీ చెప్పండి, పొలం పని చేసొచ్చి నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మానిపించండి. నేను బతిమాలి చెబుతున్నాను.

ఇక గుండె. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధమవటానికి కొంత సమయం పడుతుంది, ఈసీజీలో దాన్ని క్యూటీ అంటారు. చిన్నప్పుడు ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే. యుక్తవయసులో మగపిల్లల్లో టెస్టోస్టెరోన్ వల్ల అది తగ్గుతుంది, ఆడవాళ్ళలో పొడుగ్గానే ఉండిపోతుంది. కొన్ని మందులు దీన్ని ఇంకా సాగదీస్తాయి. మరీ సాగితే గుండె లయ తప్పి మనిషి పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మందుల వల్ల ఇలా లయ తప్పినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్ళే. ఏ మందులు అనుకుంటున్నారు? గ్యాస్ మాత్రల్లో కలిపి వచ్చే డోంపెరిడోన్, యాంటీబయాటిక్స్‌లో క్లారిత్రోమైసిన్, ఇలాంటివే. ఒక్కటే అయితే చాలామందికి ఏమీ కాదు, భయపడకండి. రెండు మూడు కలిసినప్పుడు, పొటాషియం తగ్గినప్పుడు, విరేచనాలు అయి నీరసించి ఉన్నప్పుడు ప్రమాదం. తుమ్ములకి వాడే టెర్ఫెనాడిన్, కడుపుకి వాడే సిసాప్రైడ్, ఈ రెండూ అమెరికాలో ఈ కారణానికే మార్కెట్‌లోంచి పోయాయి. 1997 నుంచి అక్కడ వెనక్కి తీసుకున్న 10 మందులని లెక్కేసి, వాటిలో 8 ఆడవాళ్ళకే ఎక్కువ ప్రమాదం చేశాయని వాళ్ళ ప్రభుత్వ తనిఖీ సంస్థ 2001లో చెప్పింది. వాటిలో నాలుగు ఆడవాళ్ళు ఎక్కువగా వాడే మందులు. మిగతా నాలుగూ ఇద్దరూ వాడేవే, అయినా దెబ్బ మాత్రం ఆడవాళ్ళకే ఎక్కువ తగిలింది.

మరి ముందే పరీక్షలు చేస్తారు కదా, అప్పుడెందుకు తెలియలేదు? మంచి ప్రశ్న. తొలి దశ పరీక్షల్లో ఆడవాళ్ళు దాదాపు లేరు. థాలిడోమైడ్ గురించి మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. 1957లో జర్మనీలో వచ్చింది, గర్భిణులు వేవిళ్ళకి వేసుకున్నారు, చేతులూ కాళ్ళూ సరిగా రాని పిల్లలు వేలల్లో పుట్టారు. 1961లో ఆపేశారు. ఆ భయంతో 1977లో అమెరికా ఎఫ్‌డీఏ, పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళని తొలి దశ మందుల పరీక్షల్లోకి తీసుకోవద్దంది. కడుపులో బిడ్డని కాపాడాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, కానీ ఫలితం ఏమైంది? మగవాళ్ళ మీద డోసు తేల్చి, దాన్నే ఆడవాళ్ళకి ఇచ్చారు. 1993లో ఆ నిబంధన తీసేశారు. అప్పటిదాకా వచ్చిన మందులు? అవి మన అలమరల్లో ఇంకా ఉన్నాయి. మన పరవాడ ఫార్మా సిటీలో తయారైన మందులు ఎన్నో దేశాలకి వెళుతున్నాయి, మనకి అది గర్వమే, కానీ మన అమ్మలకి ఏ డోసు సరిపోతుందో అడిగే బాధ్యత కూడా మనకుండాలి కదా.

ఇప్పటిదాకా ఆడా మగా తేడా చెప్పాను. అది సగమే. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, ఇద్దరు మగవాళ్ళ మధ్య కూడా బోలెడు తేడా ఉంటుంది. అది పుట్టుకతో వచ్చేది, జన్యువుల్లో ఉండేది. "పక్కింటావిడకి భలే పనిచేసింది, నేనూ అదే తెచ్చుకున్నాను" అంటారే, అందుకే వద్దంటాను.

మన తెలుగువాళ్ళ సంగతే ఒకటి చెబుతాను. ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయటానికి కండరాలు వదులవ్వాలి, దానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది, రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. కొందరికి పుట్టుకతో ఆ ఎంజైమ్ ఉండదు, లేదా పనిచేయదు. వాళ్ళు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మన వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే ఎక్కువగా కనబడుతుందని మత్తు డాక్టర్లకి చాలాకాలంగా తెలుసు, దాని జన్యుమార్పు కూడా గుర్తించారు. తరతరాలుగా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకునే ఏ సమూహంలోనైనా ఇలాంటిది ఏదో ఒకటి నిలిచిపోతుంది, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇది జబ్బు కూడా కాదు, ఆ ఇంజెక్షన్ పడనంతకాలం జీవితమంతా తెలియనే తెలియదు. తెలిస్తే వేరే మందు వాడతారు. తెలియక ఇచ్చినా వెంటిలేటర్ మీద ఉంచితే తేరుకుంటారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా ఆపరేషన్ తర్వాత తెలివి రావటం, ఊపిరి రావటం బాగా ఆలస్యమైంది అని ఉంటే, ఆ మాట దాచకండి. తమ్ముడి ఆపరేషన్ ముందు అన్నకి జరిగింది చెప్పండి, కూతురి కాన్పు ముందు తల్లికి జరిగింది చెప్పండి.

టీబీ మందు ఐసోనియాజిడ్ ఉంది. దాన్ని లివర్ కొందరిలో త్వరగా మారుస్తుంది, కొందరిలో నెమ్మదిగా. మన దేశంలో సగం మందికి పైగా నెమ్మది రకమే. వాళ్ళలో మందు పేరుకుని అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు వస్తాయి. అందుకే దాంతోపాటు బీ6 మాత్ర ఇస్తారు. విటమినే కదా అని పారేయకండి, అది ఊరికే ఇచ్చింది కాదు.

దగ్గు మందుల్లో, నొప్పి మందుల్లో వచ్చే కోడీన్ ఇంకో తీరు. అది లివర్‌లో మార్ఫిన్‌గా మారితేనే పనిచేస్తుంది. కొందరిలో అసలు మారదు, ఎంత తాగినా నొప్పి పోదు. కొందరిలో మరీ వేగంగా మారుతుంది, మామూలు డోసుకే ఊపిరి మందగిస్తుంది. పాలిచ్చే తల్లి అలాంటి మనిషైతే పాలల్లోంచి బిడ్డకి వెళుతుంది. అందుకే పాలిచ్చే తల్లులు వాడొద్దని 2017లో ఎఫ్‌డీఏ గట్టిగా చెప్పింది. బాలింతకి దగ్గొస్తే ఇంట్లో ఉన్న సిరప్ పట్టేయకండి. గుండెకి స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా లివర్‌లో మారితేనే పనిచేసే మందు. సరిగా మార్చలేని శరీరాలు మన దేశంలో తక్కువేం కాదు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు దీని గురించి మీ కార్డియాలజిస్టుని అడగొచ్చు, తప్పు లేదు.

ఇక ఆడవాళ్ళకి ఇంకోటుంది. మన ఒళ్ళు ఒకే మనిషిలోనే మారుతూ ఉంటుంది. నెలసరి, గర్భం, కాన్పు, నెలసరి ఆగిపోవటం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు చేతులెత్తండి. చూశారా, అందరూ ఆడవాళ్ళే, మగవాళ్ళు ఒకరిద్దరు! గర్భం వచ్చిన మొదటి వారాల్లోనే ఆ మాత్ర అవసరం నాలుగో వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. మూడో నెలదాకా ఆగి చెబుదాంలే అనుకోకూడదు, ఎందుకంటే మొదటి నెలల్లో బిడ్డ మెదడుకి తల్లి థైరాయిడే ఆధారం. కాన్పు అవగానే మళ్ళీ పాత డోసు. పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. నాకు తెలుసు, పొయ్యి మీద డికాక్షన్ దిగుతూ ఉంటుంది, ఆగటం కష్టం. కానీ కాఫీతో మింగితే మాత్ర సరిగా ఒంటికెక్కదు. గర్భిణులకి ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డోసు పెంచుతూ పోయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) దిగట్లేదని వచ్చేవాళ్ళలో చాలామందిది ఈ కథే.

ఫిట్స్ ఉన్న ఆడపిల్లల సంగతి చెప్పకుండా ఉండలేను. లామోట్రిజిన్ వాడే అమ్మాయి ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్ర మొదలుపెడితే, లామోట్రిజిన్ రక్తంలో దాదాపు సగానికి పడిపోవచ్చు. గర్భం వచ్చినా పడిపోతుంది, కాన్పయ్యాక ఒక్కసారి పెరుగుతుంది. ఇంట్లో ఏమంటారు? పెళ్ళయ్యాక ఫిట్స్ ఎక్కువయ్యాయని, పిల్ల రాత అని. రాత కాదండీ, డోసు. సమయానికి రక్తపరీక్ష చేసి సరిచేస్తే ఆ పిల్ల హాయిగా ఉంటుంది.

దీనికి ఎదురు సంగతి టీబీ మందుల్లో ఉంది. రిఫాంపిసిన్ లివర్‌ని ఉరకలెత్తిస్తుంది, మిగతా మందులు చాలావరకు త్వరత్వరగా కరిగిపోతాయి. మాలా-ఎన్, మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు దాని ముందు నిలవవు. టీబీ కోర్సులో ఉండి, రోజూ మాలా-డి వేసుకుంటూ కూడా గర్భం వచ్చిన ఆడవాళ్ళని ఇంట్లో అనుమానించారు, తిట్టారు. ఆ తల్లి తప్పేముంది చెప్పండి? టీబీ మందు మొదలైన రోజే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే కాపర్-టీయో, నిరోధో వాడుకునేవాళ్ళు. మీలో ఆశా కార్యకర్తలు ఉన్నారు కదా, మూత్రం నారింజ రంగులో వస్తుందని చెబుతారు, దానితో పాటే ఈ మాట కూడా చెప్పండమ్మా.

మరి మనం ఏం చేయాలి? ఒక కాగితం రాసి పెట్టుకోండి. వయసు, బరువు. అవును, బరువు రాయండి, మన దగ్గర పెద్దవాళ్ళని తూచకుండానే మందు రాసేయటం మామూలైపోయింది. వాడుతున్న ప్రతి మందూ రాయండి, ఆయుర్వేదం, షాపులో అడిగి తెచ్చుకున్నదీ కూడా. ఏ మందు ఎప్పుడు పడలేదో, ఏం జరిగిందో, మొదలెట్టిన ఎన్నో రోజున జరిగిందో రాయండి. డాక్టర్ దగ్గర "ఈ డోసు నా బరువుకీ నా కిడ్నీకీ సరిపోతుందా అండీ" అని అడగండి. మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు. మందు పడకపోతే చెప్పుకోవటానికి మనకి దారి కూడా ఉంది. 2010 నుంచి మందుల దుష్ఫలితాల మీద జాతీయ కార్యక్రమం నడుస్తోంది, ఉచిత ఫోన్ నంబర్ 1800-180-3024. రోగులే స్వయంగా చెప్పొచ్చు. ఆడవాళ్ళు చెప్పాలి, ఎక్కువమంది చెప్పాలి, లెక్కలోకి వస్తేనే డోసులు మారతాయి.

చీటీలు వచ్చాయి, చూద్దాం.

"ఆడవాళ్ళం కాబట్టి బీపీ మాత్ర సగం విరిచి వేసుకోవచ్చా?" వద్దమ్మా. ఇంత చెప్పిందీ మీరే తగ్గించుకోమని కాదు. టీబీ మందు, ఫిట్స్ మందు, యాంటీబయాటిక్ సొంతంగా తగ్గిస్తే ప్రాణం మీదికి వస్తుంది. బీపీ మాత్రల్లో నెమ్మదిగా విడుదలయ్యేలా చేసినవి ఉంటాయి, వాటిలో కొన్ని విరిస్తే రోజంతటి మందూ ఒక్కసారే దిగిపోతుంది. మెటోప్రోలాల్ వాడుతూ కళ్ళు తిరుగుతుంటే నాడి ఎంత కొట్టుకుంటోందో చూసుకుని డాక్టర్‌కి చెప్పండి, ఆ మందు ఆడవాళ్ళ రక్తంలో ఎక్కువే ఉంటుంది, డోసు ఆయన సరిచేస్తారు.

"గుండె కవాటం మార్చారు, అసిట్రోమ్ వాడుతున్నాను. గోంగూర మానేయాలా?" మానక్కర్లేదండీ. అసిట్రోమ్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. గోంగూర, తోటకూర, మునగాకు, వీటిలో విటమిన్ కె ఉంటుంది, అది మీ మందుకి ఎదురు పనిచేస్తుంది. ఒక వారం రోజూ తిని, తర్వాత నెల ముట్టకపోతే ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే అంకె, ఊగిపోతుంది. వారానికి ఇంచుమించు ఒకే కొలతలో తినండి, ఐఎన్‌ఆర్ పరీక్ష మానకండి. ఈ మందు డోసు మనిషి మనిషికీ చాలా మారుతుంది, పక్కవాళ్ళది ఎంతో అడగకండి.

ఆఖరిది. పాడేరు వైపునుంచి ఒక మాస్టారు రాశారు. "మా ఊళ్ళో మలేరియాకి పద్నాలుగు రోజుల మాత్రలు ఇస్తారు, కొందరు పిల్లలకి మూత్రం నల్లగా వస్తోందని మధ్యలో మానేస్తున్నారు." మాస్టారూ, చాలా మంచి పని చేశారు ఇది రాసి. అది ప్రైమాక్విన్. వైవాక్స్ అనే రకం మలేరియా లివర్‌లో దాక్కుని మళ్ళీ రాకుండా ఇస్తారు, చాలా అవసరమైన మందు. కానీ జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్ళలో ఈ మందుకి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకి ఎక్స్ ఒక్కటే కాబట్టి లోపముంటే పూర్తిగా బయటపడుతుంది. ఆడపిల్లలకి రెండు ఉంటాయి, ఒకటి బాగుంటే కొంత కాపాడుతుంది, కానీ కొందరిలో మామూలు పరీక్షకి దొరక్కుండా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి ఆడపిల్ల కదా, ఏం కాదులే అనుకోవద్దు. గిరిజన ప్రాంతాల్లో ఈ లోపం ఎక్కువ. గర్భిణులకి ఈ మాత్ర ఇవ్వనే కూడదు.

మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష చేయమని పీహెచ్‌సీలో అడగండి, కొంచెం రక్తం చాలు. మాత్రలు మొదలైన వారం దాకా రోజూ మూత్రం రంగు చూసుకోమని పిల్లల తల్లులకి చెప్పండి. డికాక్షన్ రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా, నడిస్తే ఆయాసం వచ్చినా ఆ పూట మాత్ర ఆపేసి వెంటనే తీసుకెళ్ళాలి. ఇంట్లో కూర్చుని మానేసి ఊరుకోకూడదు, రక్తం ఎంత పడిపోయిందో చూడాలి కదా. మిగిలిన స్ట్రిప్పు చేత్తో పట్టుకుని వెళ్ళి, ఏ రోజున మొదలెట్టారో, ఎన్ని మింగారో అక్కడ నర్సమ్మకి చూపించమనండి. ఆ లోపం బయటపడిన పిల్లవాడి తమ్ముళ్ళకీ, మేనమామలకీ, తల్లివైపు అక్కచెల్లెళ్ళ పిల్లలకీ కూడా పరీక్ష చేయించండి, వాళ్ళెవరికీ మలేరియా రాకముందే.